మూడు చుట్ల ముడి

ఆ ఎండాకాలం మా వీధిలో ఒక ఆవు చచ్చిపోయింది. ఎవరు చంపారో వీధి వీధంతా కలిసి గంటలో తేల్చేసింది. తేల్చింది తప్పు మనిషిని. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఆ గుంపులో నేనొక్కణ్ణే. నేను నోరు విప్పలేదు.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. ఇది ముందే చెప్పేయడం మంచిది. తెలియక జరిగిందని చెప్పుకునే హక్కు లోకంలో ఎవరికైనా ఉంటుందేమో గానీ నాకు లేదు.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు మాది. అమ్మా, నేనూ. అమ్మ ముప్ఫై ఏళ్ళు వీధి మలుపులో ఉన్న కిరాణా కొట్టులో పొట్లాలు కట్టింది. పొట్లం మీద ఎర్ర పురికొస మూడు చుట్లు తిప్పి, కొస లోపలికి దూర్చి, ఒక్క లాగు లాగేది. ఇక ఆ ముడి సంచిలో నలిగినా, సైకిలు మీంచి కిందపడినా ఊడేది కాదు. ఇంటికెళ్ళి కత్తెరతో కోసుకోవాల్సిందే. కొట్టు మూతపడేనాటికి అమ్మకి మిగిలినవి రెండు: ఒక పురికొస ఉండ, అరిగిపోయిన మోకాళ్ళు.

ఆవు ఎవరిదీ కాదు. అంటే, అందరిదీ. తెల్లటి ఒళ్ళు, సగం చిరిగిన ఎడమ చెవి. వీధి సంఘం సెక్రటరీ గారు దాని నుదురు తాకి కళ్ళకద్దుకోనిదే స్కూటర్ స్టార్ట్ చేసేవారు కాదు. దుకాణాలవాళ్ళు దాని మొహం చూసి షట్టరెత్తేవాళ్ళు. సాయంత్రం అదే చేతులతో ఇంట్లో చెత్త కవర్లో చుట్టి మలుపులో కుప్ప మీదకి గిరాటేసేవాళ్ళు. ఆవు ఆ కుప్ప దగ్గరికే వెళ్ళేది. ఈ రెండిటికీ సంబంధం ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

అమ్మ దాన్ని 'పెద్దమ్మాయి' అనేది. పొయ్యి మీంచి అన్నం దించగానే మొదటి ముద్ద పెద్దమ్మాయిది. అది తినేదాకా అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టదు.

"కన్నకొడుకుని, నాకు రెండో ముద్దా?" అనేవాణ్ణి.

"అది నోరు తెరిచి అడగలేదురా. నువ్వు మూసి ఊరుకోలేవు," అనేది.

రోజూ పదకొండింటికి నలభై రెండు మెట్లు దిగి, ముద్ద చేత్తో నోటికందించి, గంగడోలు నిమిరి, మళ్ళీ నలభై రెండు మెట్లు ఎక్కేది. అదే అమ్మ పూజ. ఇంట్లో ఇంకో పూజ ఉండేది కాదు.

ఎండలు ముదరక ముందే అమ్మ మెట్ల మీద జారింది. ఎముక విరగలేదు గానీ మోకాలు గుమ్మడికాయంత అయింది. మెట్ల జోలికి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. నేను పొద్దున్న ఏడింటికి వెళ్తే రాత్రికి గానీ రాను. ఆవేమో పదకొండింటికే వచ్చి, కాసేపు మా బాల్కనీ కేసి చూసి వెళ్ళిపోతుంది. అమ్మ తినడం మానేసింది. మూడో రోజు ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర పడిపోయి ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "ఏం భక్తమ్మా ఇది! చచ్చిపోతావా దానికోసం?"

"అలవాటు చేసింది నేనే కదరా. అది వచ్చి చూసి వెళ్తుంటే నా నోట్లోకి ఎలా దిగుతుంది?"

"అయితే కవర్లో కట్టి పైనుంచి పడెయ్యి. అదే చింపుకుని తింటుంది."

"చింపుకుంటుందంటావా?"

"రోజూ పశువుల మధ్యే కదా నేను బతికేది. నాకు తెలీదా?" అన్నాను.

మర్నాడు ఆసుపత్రి నుంచి నీలం కవర్ల కట్ట తెచ్చిచ్చాను. దూది చుట్టలు వచ్చే కవర్లు, మందంగా ఉంటాయి. మూడంతస్తుల మీంచి పడినా చిట్లవు. ఆ పై రోజు ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ ఒక కవర్లో ముద్ద పెట్టి, ఎర్ర పురికొసతో మూడు చుట్లు చుట్టి, కొస లోపలికి దూర్చి, ఒక్క లాగు లాగింది. బాల్కనీలోంచి వదిలింది. ఆవిడ కంటిచూపుకి కింద తెల్లటి మచ్చ కదలడం మాత్రమే తెలుస్తుంది. మచ్చ తల వంచింది. "తింటోందిరా!" అంది అమ్మ. ఆ పూట నాకంటే ఎక్కువ తింది.

మా బాల్కనీ కిందే పండ్లబండి అన్న బండి. పెద్ద పచ్చ గొడుగు, దాని కింద అతనూ, అతని నోరూ. మంగళ, శుక్రవారాలు టోకు మార్కెట్‌కి సరుక్కి వెళ్తాడు కాబట్టి మధ్యాహ్నం దాకా బండి ఉండదు. మిగతా రోజులు అతనికీ ఆవుకీ యుద్ధమే. ఒకరోజు అది అరటిపండ్ల అత్తం మొత్తం నోట కరుచుకుని నడిచింది. ఇతను కర్ర పట్టుకుని వెనకాల.

"ఒసేయ్ తల్లీ, నీ కాళ్ళకి మొక్కుతా, నా పొట్ట మీద కొట్టకే! ఇంకోసారి మూతి పెట్టావంటే పండులో విషం కలిపి పెడతా, చూసుకో!"

సెక్రటరీ గారు స్కూటరాపారు. "ఏయ్, నోరు జాగ్రత్త. ఎవర్ని అంటున్నావో తెలుసా?"

"తెలుసు సార్. మీరు తాకి కళ్ళకద్దుకుని ఆఫీసుకెళ్తారు. పొద్దస్తమానం దీంతో కాపురం చేసేది నేను."

అందరూ నవ్వారు. సెక్రటరీ గారు నవ్వలేదు.

అది జరిగిన వారానికి, రాత్రి ఇంటికొస్తుంటే అన్న నన్ను ఆపాడు. "తమ్ముడూ, ఒక్క మాట. పెద్దమ్మ వేసే పొట్లం దానికి విప్పుకోవడం రాదు. కవర్తో సహా మింగబోతుంది. నేనే లాక్కుని కోసి పెడుతున్నా. ఏం ముడయ్యా బాబూ అది, కత్తి కూడా జారుతోంది! అమ్మకి చెప్పు, వదులుగా కట్టమను."

"చెప్తాలే అన్నా."

నిజంగానే చెబుదామనుకున్నాను. ఇంట్లోకి వెళ్ళేసరికి అమ్మ ఎవరిదో పెళ్ళి సంబంధం కబురెత్తింది, ఆ గొడవలో మర్చిపోయాను. మర్నాడు గుర్తొచ్చింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. నా తప్పు ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతే. ఒక చిన్న మాట. రేపు చెబుదామనుకున్న మాట.

మే నెలలో ఒక శనివారం పొద్దున్న, నేను పనికి బయల్దేరుతుండగా, ఆవు పచ్చ గొడుగు పక్కనే పడిపోయింది. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. మా ఆసుపత్రి డాక్టరమ్మని పరిగెత్తించి తీసుకొచ్చాను. సూది గుచ్చి గాలి తీశాం. మందు పట్టాం. పైనుంచి అమ్మ గొంతు వినపడుతూనే ఉంది: "ఒరేయ్, పెద్దమ్మాయిని లేపరా! నువ్వున్నావుగా, లేపరా!"

తొమ్మిది కొట్టేసరికి అది నా మోచేతి మీద తల వాల్చేసింది.

"విషమే," అన్నారు సెక్రటరీ గారు.

ఆ ఒక్క మాట చాలు. బండి తిరగబడింది. బత్తాయిలు కాలవలోకి దొర్లాయి. పచ్చ గొడుగు కాడ విరిచి దాంతోనే కొట్టారు అతన్ని. "నేను పెట్టలేదు, నేను పెట్టలేదు," అని తప్ప అతను ఇంకో మాట అనలేదు. పోలీసులకి పట్టివ్వాలంటే కోసి చూసి రిపోర్టు రాయాలంది డాక్టరమ్మ. ఆ ఒంటి మీద కత్తి పడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గంటసేపు వాదనలయ్యాక సెక్రటరీ గారే తెగించారు. "సాక్ష్యం కావాలి. కొయ్యండి. కానీ ఒళ్ళు కుట్టి మాకు తెచ్చివ్వాలి. మహారాణిలా సాగనంపుతాం."

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో డాక్టరమ్మ కోసింది. నేను పట్టుకున్నాను. పదకొండేళ్ళుగా చేస్తున్న పనే.

విషం లేదు. పొట్టనిండా మా వీధి ఉంది. పాలకవర్లు, బట్టల కొట్టు సంచులు, చెత్త మూటలు, ఒక చెప్పు. ముప్ఫై ఎనిమిది కిలోలు.

"ఇదంతా ఏళ్ళనాటిది," అంది డాక్టరమ్మ. "దీన్ని మోస్తూ ఎలాగో బతికేసింది పాపం. దారి మూసేసింది మాత్రం ఇవీ."

గ్లవుజు చేత్తో ఒక్కొక్కటే బయటికి తీసి ట్రేలో పెట్టింది. నీలం మూటలు. ఒక్కటీ విడిపోలేదు. ప్రతిదాని మెడకీ ఎర్ర పురికొస, మూడు చుట్లు. ఒకటి కోస్తే లోపల ముద్ద ముద్దలాగే ఉంది.

పంతొమ్మిది.

"ఈ కవర్లు మన దగ్గరివిలా ఉన్నాయే," అంది. ఆవిడ నా మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. రిపోర్టులో 'విషం ఆనవాళ్ళు లేవు, ప్లాస్టిక్ వల్ల మరణం' అని రాసి సంతకం చేసింది. "ఈ చెత్త డంపుకి పంపించు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

నేను పంపించలేదు. నీలం మూటలన్నీ గోనెసంచిలో కుక్కాను. ఒక్కదాని మెడ మాత్రం కోసి, ముడితో సహా జేబులో వేసుకున్నాను. ఎందుకని అడక్కండి. వీధి చివర ఖాళీ స్థలంలో గొయ్యి తవ్వి పెట్టారు. జనం రాకముందే సంచి అడుగున పడేసి, పైన మట్టి లాగాను. ఆ మట్టి మీదే పెద్దమ్మాయిని దించారు.

తర్వాత మా మేడ కింద నిలబడి రిపోర్టు నేనే చదివి వినిపించాను.

"ప్లాస్టిక్కా?" సెక్రటరీ గారి మొహం ఎర్రబడింది. "అంటే చంపింది మేమా? రోజూ మొక్కే వాళ్ళమా?"

ఎవరో వెనకనుంచి అన్నారు. "డాక్టరమ్మ ఆడది, భయపడి రాసింది."

"నువ్వు దగ్గరుండి చూశావుగా కాంపౌండరూ. ఎవరి కవర్లో చెప్పు," అన్నారు సెక్రటరీ గారు.

వీధిలో సగం ఇళ్ళవాళ్ళు అమ్మ చేతి పొట్లాలు కోసుకుని బతికినవాళ్ళే. ఆ ముడి చూపిస్తే గుడ్డివాడైనా తడిమి చెప్పేస్తాడు. తల పైకెత్తాను. బాల్కనీలో అమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని. తల దించాను. రిపోర్టు వచ్చేదాకా కదలనివ్వకుండా అరుగు మీద కూర్చోబెట్టిన పండ్లబండి అన్న, పెదవి చిట్లి, నన్నే చూస్తున్నాడు. అతనికి తెలుసు. రెండు నెలలుగా ఆ ముడులు కోసినవాడు అతనే. ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను.

అతను నా మొహం మీంచి చూపు తీసి, నెమ్మదిగా పైకి, మా బాల్కనీ కేసి చూశాడు. తర్వాత తల వంచేసుకున్నాడు.

"రిపోర్టులో ఉన్నదే," అన్నాను నేను. "నాకింకేం తెలీదు."

మర్నాడు తెల్లవారేసరికి అతను వీధిలో లేడు.

అమ్మ నాలుగు రోజులు మంచం దిగలేదు. "నోరులేని దాని నోట్లో విషం పెట్టినవాడి చెయ్యి పడిపోను," అని పడుకునే తిట్టింది. ఒకసారి మాత్రం అడిగింది: "బాధపడిందంటావా, పోయేముందు?"

"లేదమ్మా. నిద్రలో పోయినట్టు పోయింది."

ఐదో రోజు లేచింది. ఇల్లు ఊడ్చింది. నా బట్టలు నానబెట్టింది. జేబులు తడమకుండా అమ్మ ఏనాడూ చొక్కా తడపలేదు. ఆ సంగతి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచాక గుర్తొచ్చింది నాకు.

బల్ల మీద కడిగి ఆరబెట్టిన నీలం పీలిక. దాని మెడకి ఎర్ర ముడి. అమ్మ ఎదురుగా కూర్చుని గోళ్ళతో దాన్ని విప్పాలని చూస్తోంది.

"ఇది దాని కడుపులోదా?"

తల ఊపాను.

"ఎన్ని?"

"పంతొమ్మిది."

అమ్మ లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరికెళ్ళింది. మొహం దానికి ఆనించేంత దగ్గరగా పెట్టి, వేలితో గడులు తాకుతూ పెదవులు కదిపింది. మార్చి. ఏప్రిల్. మే. చాలాసేపటికి వెనక్కి తిరిగింది.

"పచ్చ గొడుగు కనపడని రోజులు," అంది. "మంగళవారాలూ, శుక్రవారాలూ. సరిగ్గా పంతొమ్మిది."

అప్పటిదాకా నేను ఆ లెక్క చూసుకోలేదు. అతనున్న రోజున ఒక్క మూట కూడా లోపలికి పోలేదు. ఒక్కటి కూడా.

"తెలుసా నీకు? అతను విప్పి పెడుతున్నాడని?"

"చెప్పాడు. నీకు చెప్పమన్నాడు. మర్చిపోయాను."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. "నా నోటితో వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానురా," అంది. అంతే. తర్వాత, "వెతికి తీసుకురా," అంది.

రెండు రోజులకి టోకు మార్కెట్లో దొరికాడు. బండి లేదుగా, కూలికి బస్తాలు మోస్తున్నాడు. నన్ను చూసి బస్తా దించి, మొహం తుడుచుకున్నాడు. కన్ను కింద వాపు ఇంకా తగ్గలేదు.

"మోకాళ్ళెలా ఉన్నాయి పెద్దమ్మకి?" అదీ అతని మొదటి మాట.

"అన్నా, ఎందుకు చెప్పలేదు? ఆ రోజు ఒక్క మాట అంటే సరిపోయేదిగా."

"చెప్తే ఏమయ్యేది తమ్ముడూ? వాళ్ళ మొహాలు చూశావుగా. నాకు కాళ్ళున్నాయి, పరిగెత్తాను. మీ అమ్మ ఆ మెట్లు దిగి పారిపోగలదా?"

అతను దించిన బస్తా పక్కకి ఒరుగుతుంటే నేను నిలబెట్టాను.

"నువ్వు చెప్తావేమో అని చూశానులే," అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. "కాసేపు."

అమ్మ రమ్మందన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఆ చోట నిలబడలేను తమ్ముడూ. అది వచ్చి మూతి పెడుతుందేమో అనిపిస్తుంది. వెధవ ఆవు. పండు మీద పండు తినిపించాను దానికి, ఎవరూ చూడకుండా." కళ్ళు తుడుచుకుని బస్తా ఎత్తుకున్నాడు.

ఇంటికొచ్చి పొల్లు పోకుండా అమ్మకి చెప్పాను. మెట్ల మాట చెప్పేటప్పుడు అమ్మ కళ్ళు మూసుకుంది.

మర్నాడు ఆదివారం. పదకొండు కాబోతుండగా అమ్మ తలుపు తీసింది. పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. మొదటి మెట్టు మీద కూర్చుంది. కిందకి జరిగింది. రెండో మెట్టు మీద కూర్చుంది. నలభై రెండు మెట్లు అలాగే, ఒక్కొక్కటీ కూర్చుని, జరిగి. చీర వెనక చిరిగిపోయింది. కిందకి చేరేసరికి సగం వీధి గుమ్మాల్లోకి వచ్చింది.

ఖాళీ స్థలంలో అప్పటికే ఒక రాయి నిలబెట్టారు. చుట్టూ పూలు, ముందు దీపం. సెక్రటరీ గారూ, వాళ్ళావిడా అక్కడే ఉన్నారు. అమ్మ ఆ రాయి ముందు నిలబడలేక నిలబడింది.

"విషం పెట్టింది అతను కాదు," అంది. గొంతు స్పష్టంగా ఉంది. "చంపింది నేను. కవర్లో కట్టి వేశాను. ఇదిగో నా ముడి. దాని కడుపులోంచి తీశారు. మీ అందరికీ తెలుసుగా నా ముడి."

సెక్రటరీ గారి భార్య కళ్ళొత్తుకుంది. "చూశారా! ఎంత ప్రేమ ఉంటే ఇలా నెత్తిన వేసుకుంటుంది పెద్దావిడ!" వంగి అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆవిడ వెనక ఇంకొకరు. ఇంకొకరు.

"కాదమ్మా, వినండి..." అమ్మ వెనక్కి జరిగింది. పడబోతే పట్టుకున్నాను. నా కేసి చూసింది. "నువ్వైనా చెప్పరా."

చెప్పాను. అప్పుడు చెప్పాను. "అమ్మ చెప్పేది నిజం. కవర్లో వెయ్యమన్నది నేను. పొట్టలో దొరికిన మూటలన్నీ ఈ గోతిలోనే పాతాను. కావాలంటే తవ్వి చూడండి."

"తవ్వాలా?" సెక్రటరీ గారు రాయి కేసి, దీపం కేసి చూశారు. "ఇక్కడా? మతుండే మాట్లాడుతున్నావా?" తర్వాత గొంతు తగ్గించి, నా భుజం మీద చెయ్యి వేశారు. "తల్లిని కాదనలేవు, నాకు తెలుసు. పైకి తీసుకెళ్ళు బాబూ. వడదెబ్బ తగులుతుంది."

ఆయన భార్య అమ్మ వేళ్ళ మధ్యలోంచి నీలం పీలికని మెల్లగా తీసుకుంది. రెండు కళ్ళకీ అద్దుకుంది. తీసుకెళ్ళి రాయి మీద, పూల మధ్య పెట్టింది.

అమ్మని ఎత్తుకుని మెట్లెక్కాను. బరువే లేదు. పై అంతస్తుకి చేరాక నా చెవి దగ్గర అంది: "కట్టడం ఒక్కటే నేర్చుకున్నానురా. విప్పడం రాదు నాకు."

ఆ తర్వాత అమ్మ దేనికీ ముడి వెయ్యలేదు. మొదటి ముద్ద తీసి పళ్ళెంలో ఒక పక్కన పెట్టేది. అది అక్కడే ఎండిపోయేది.

జూన్‌లో వానలు పడ్డాయి. రాయి మీద పూలు కొట్టుకుపోయాయి. పీలిక వెలిసి తెల్లబడింది. పురికొస రంగు కారి రాయి మీద ఎర్రటి చార పడింది. ఇప్పుడు ఆ చారకి కూడా మొక్కుతున్నారు. ఆసుపత్రికి వెళ్తూ రోజూ చూస్తాను. ముడి ఇంకా ఊడలేదు.